మా వడ్రంగి షెడ్డులో సీఎన్‌సీ రూటర్ కట్టుకున్నాం

మా నాన్న వడ్రంగి. మంగళగిరిలో మా ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డే ఆయన పనిచోటు. తలుపులు, కిటికీలు, పూజా మందిరాలు అన్నీ చేస్తాడు గానీ, ఆయనకి పేరు తెచ్చింది మాత్రం టేకు చెక్క మీద తెలుగులో చెక్కే నేమ్‌ప్లేట్లు. నాలుగేళ్ల కిందట ఆయన కుడిచేతి బొటనవేలి కీలులో నొప్పి మొదలైంది. చిత్రిక పట్టగలడు, రంపం లాగగలడు. కానీ సన్న ఉలి పట్టుకుని మూడేసి గంటలు అక్షరాల మీద వంగి కూర్చోవడం ఇక ఆయన వల్ల కాలేదు. నేమ్‌ప్లేటు కోసం వచ్చినవాళ్లకి "ఇప్పుడు చెయ్యట్లేదండీ" అని చెప్పి పంపేస్తుంటే వినడం నాకు కష్టంగా ఉండేది.

నేను డిప్లొమా మెకానికల్ చదివి ఒక కంపెనీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. అక్షరాలు చెక్కే సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ చెక్కని కోసే మిషన్, కొందామని అడిగితే చిన్నదానికే లక్ష దాటి చెప్పారు. అంత పెట్టే స్థోమత లేదు. అలా వెతుకుతుంటే మోస్ట్లీ ప్రింటెడ్ సీఎన్‌సీ అనే మిషన్ కనిపించింది. అమెరికాలో వీ1 ఇంజినీరింగ్ నడిపే రయన్ జెల్లర్స్ దీన్ని రూపొందించి, ప్లాస్టిక్ భాగాల ఫైళ్లు, కొనాల్సిన సామాన్ల జాబితా, బిగించే వరుస అన్నీ అందరికీ ఉచితంగా పెట్టేశాడు. నేను కట్టింది 2020లో వచ్చిన ప్రైమో అనే రకం. ఆ ఫైళ్లతో సొంతానికి మిషన్ కట్టుకోవచ్చు, ఆ భాగాలు ప్రింట్ చేసి వ్యాపారంగా అమ్మకూడదు. ఇంత పని చేసి ఊరికే ఇచ్చిన మనిషి మీద నాకు చాలా గౌరవం ఉంది.

మిషన్ ఎలా ఉంటుందో కాస్త చెప్తాను. బల్ల నాలుగు మూలలా నాలుగు కాళ్లు, వాటి మీద చతురస్రంగా నాలుగు స్టీలు పైపులు. ఆ పైపులే పట్టాలు. వాటి మీద బేరింగులతో దొర్లే నాలుగు బళ్లు, ఒక్కో బండికి ఒక స్టెప్పర్ మోటారు (కొంచెం కొంచెంగా, లెక్కగా తిరిగే మోటారు). ఎదురెదురు బళ్లని కలుపుతూ రెండు పైపులు అడ్డంగా, నిలువుగా వెళ్లి మధ్యలో కలుస్తాయి. ఆ కలిసేచోట ట్రిమ్మర్ (బిట్ అనే కోత మొనని వేగంగా తిప్పే చిన్న చేతి మిషన్) కిందికీ పైకీ కదలడానికి ఐదో మోటారు, ఒక స్క్రూ ఉంటాయి. పైపుల్ని పట్టుకునే భాగాలన్నీ 3డీ ప్రింటర్‌లో తీసినవే.

మొదటి ఎదురుదెబ్బ పైపు దగ్గరే తగిలింది. ప్రైమో ఫైళ్లు పైపు బయటి కొలతని బట్టి మూడు రకాలు: 23.5, 25, 25.4 మిల్లీమీటర్లు. 25.4 అంటే సరిగ్గా అంగుళం కాబట్టి ఊళ్లో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి ఇంచి పైపు అడిగాను. ఇచ్చిన పైపు ఇంటికి తెచ్చి వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) పెడితే 33 మిల్లీమీటర్లు దాటింది. మళ్లీ షాపుకి పట్టుకెళ్తే ఆయన, "ఇంచి పైపే బాబూ ఇది, నీళ్ల పైపుకి లోపలి బోరు లెక్క" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. జీఐ నీళ్ల పైపుని బోరుని బట్టి పిలుస్తారు, మెట్ల రెయిలింగులకి వాడే స్టెయిన్‌లెస్ స్టీలు పైపుని బయటి కొలతని బట్టి పిలుస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో రెయిలింగ్ పైపులు అమ్మే చోటికి వెళ్లి, వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి, 25.4 వచ్చాకే కొన్నాను. గోడ మందం 1.2 మిల్లీమీటర్లది చౌక, కానీ మధ్యలో నొక్కితే కొద్దిగా వంగుతున్నట్టు అనిపించి ఇంకాస్త మందమైన 16 గేజ్‌ది తీసుకున్నాను. ఈ మిషన్ కడదామనుకునే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: ముందు పైపు కొనండి, కొలవండి, ఆ తర్వాతే ప్రింటింగ్ మొదలుపెట్టండి. పైపు లేకుండా ప్రింట్ చేసుకుంటే రెండు కిలోల ప్లాస్టిక్ వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ప్రింటింగ్ నా స్నేహితుడి దగ్గర చేయించాను. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగ రెండు రోల్స్ అయిపోయాయి. వాడు రాత్రి పడుకునేముందు ఒక భాగం పెట్టి, పొద్దున్న తీసేవాడు. అలా మూడు వారాలు. హైదరాబాద్ పని మీద వెళ్లినప్పుడు రాణీగంజ్‌లో 608 బేరింగులు, బోల్టులు, కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, పవర్ సప్లయ్ కొన్నాను. ఈ 608 బేరింగు స్కేటింగ్ చక్రాల్లో ఉండేదే. లోపలి బోరు 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. యాభై దాకా పడతాయి. మోటార్లు, బెల్టులు, మిషన్‌ని నడిపే ఆర్డ్యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించాను.

అప్పుడు నేనొక పెద్ద తప్పు చేశాను. తలుపు పలకలు కూడా చెక్కొచ్చన్న ఆశతో పైపులు నాలుగడుగులు పెట్టి మిషన్ బిగించాను. చిన్నగా కట్టుకోండి, ఎంత చిన్నదైతే అంత గట్టిది అని ప్లాన్‌లోనే రాసి ఉంది. చదివాను కూడా. బిగించాక నాన్న వచ్చి మధ్యలో ట్రిమ్మర్ కూర్చునే చోట బొటనవేలితో నొక్కాడు. అది కిందికి దిగి మళ్లీ పైకి లేచింది.

"ఇది ఊగుతోందిరా. అటక చెక్కకి మధ్యలో ఊతం పెడతాం. దీనికి ఏదీ?" అన్నాడు.

ఊతం పెట్టే వీల్లేదు, మధ్యలో అది కదలాలి కదా. అయినా ఎండీఎఫ్ ముక్క మీద ఒకసారి కోసి చూశాను. గీత అంచు పళ్లు పళ్లుగా వచ్చింది. రెండు చివర్లా ఆనుకున్న పైపు మధ్యలో వంగడం పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. నాలుగడుగుల్ని రెండున్నరకి తగ్గిస్తే వంగడం దాదాపు నాలుగో వంతుకి దిగుతుంది. నేమ్‌ప్లేటుకి రెండున్నర అడుగులు చాలు. పైపులన్నీ విప్పి, కట్టగా బిగించి, ఒకే కోతలో సమానంగా కోయించుకొచ్చాను. ఆ రోజు మనసుకి చాలా బాధనిపించింది గానీ, మళ్లీ బిగించాక నాన్న నొక్కి చూసి తలాడించాడు.

ఎలక్ట్రానిక్స్ గురించి ఎక్కువ రాయను, ఆ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆర్డ్యూనోలో జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది, మోటారుకి కరెంటు పంపే డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగుని 16 ముక్కలు చేస్తుంది, అంటే 3,200. పుల్లీకి 16 పళ్లు, పన్నుకి 2 మిల్లీమీటర్లు కాబట్టి చుట్టుకి 32 మిల్లీమీటర్లు. భాగిస్తే మిల్లీమీటరుకి సరిగ్గా 100. స్క్రూ చుట్టుకి 8 మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి దానికి 400. ఈ రెండు అంకెలు వేశాక మిషన్ చెప్పినంత దూరమే కదలడం చూసి చాలా సంతోషమేసింది. ఒకే వైపు లాగాల్సిన రెండు మోటార్లు మొదట ఒకదానికొకటి ఎదురు లాగాయి. ఒక మోటారులో ఒక కాయిల్ వైర్లు రెండూ తారుమారు చేస్తే సరిపోయింది. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్తాను. పవర్ ఆన్‌లో ఉండగా మోటారు వైరు పీకకండి. నేను పీకాను, ఆ క్షణంలోనే డ్రైవర్ కాలిపోయింది.

ట్రిమ్మర్ బదులు ముందు పెన్ను కట్టి కిరీటం బొమ్మ గీయించాలి. ప్లాన్‌తో పాటు వచ్చే మొదటి పరీక్ష అదే. గీసింది. ఇంట్లో అందరం చుట్టూ నిలబడి చూశాం. అమ్మ ఆ కాగితం దేవుడి పటం దగ్గర పెట్టింది. నాన్న మాత్రం, "కిరీటం వంకరైతే ఎవరికి తెలుస్తుంది, చదరం గీయించు" అన్నాడు.

400 మిల్లీమీటర్ల చదరం గీయించాను. ఆయన మూలమట్టం తీసుకోలేదు, టేపు తీసుకుని మూల నుంచి మూలకి కొలిచాడు. ఒకటి 563, ఇంకోటి 568. రెండూ 565.7 రావాలి. భుజాలు నాలుగూ 400 సరిగ్గా ఉన్నాయి, చదరం మాత్రం పక్కకి వాలిపోయింది. లెక్కవేస్తే అర డిగ్రీ తేడా. 400 మిల్లీమీటర్ల దూరంలో మూడున్నర మిల్లీమీటర్లు తప్పుతుంది. నేమ్‌ప్లేటు చుట్టూ అంచు గీత చెక్కితే ఆ వంకర వీధిలోంచే కనిపిస్తుంది.

ఇక్కడ పది రోజులు పట్టింది. మొదట నేను ప్రోగ్రాంలో సవరిద్దామని చూశాను. నాన్న ఒప్పుకోలేదు. "తలుపు చట్రం మూల తప్పితే రెక్కని వంకరగా కోస్తామా? చట్రాన్నే సరిచేస్తాం" అన్నాడు. ఆయన చెప్పినట్టే కాళ్ల మధ్య మూలమూల కొలిచాం. అక్కడే 4 మిల్లీమీటర్ల తేడా ఉంది. కాళ్లకి స్క్రూలు విప్పి, ఒక మూల నుంచి ఎదుటి మూలకి తాడు కట్టి మెల్లగా లాగుతూ, రెండు కొలతలూ సమానమయ్యాక మళ్లీ బిగించాడు. ఆ తర్వాత నేను అడ్డ పైపు రెండు బళ్లనీ చివరి దాకా తోసి, రెండూ కాళ్లకి ఒకేసారి తగిలేలా పెట్టి, అప్పుడు పవర్ ఇచ్చాను. మోటార్లకి పవర్ వచ్చాక ఆ స్థానం బిగుసుకుంటుంది. ఇప్పుడు ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు ఇలాగే తోసి ఆన్ చేస్తాం. మూడోసారి గీసిన చదరంలో మూలలు 565.5, 566 వచ్చాయి. నాన్న టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

చెక్కడం మొదలుపెట్టాక చెక్క కాలిన వాసన వచ్చింది. నాన్న దగ్గరున్న ట్రిమ్మర్‌కి స్పీడు తగ్గించే వీలు లేదు, నిమిషానికి 30,000 చుట్లు. మా మిషన్ నిమిషానికి 600 మిల్లీమీటర్లకి మించి నిలకడగా కోయలేదు. రెండు అంచుల బిట్ పెడితే ఒక్కో అంచుకి వచ్చేది మిల్లీమీటరులో వందో వంతు. అంత పల్చటి పొర తెగదు, రాసుకుంటుంది, వేడెక్కి నల్లబడుతుంది. నాన్న అక్కడ పడ్డ పొడి చేతిలోకి తీసుకుని, "ఇది పిండిలా ఉంది, చిత్రిక పొట్టులా రావాలి" అన్నాడు. నా లెక్క చెప్పేదీ అదే. స్పీడు మార్చుకునే ట్రిమ్మర్ కొని 10,000 చుట్లకి దించి, ఒకే అంచున్న బిట్ పెట్టాం. పొడి పోయి చిన్న చిన్న పేళ్లు రావడం మొదలైంది, నల్లటి మచ్చలు పోయాయి. శబ్దం కూడా బాగా తగ్గింది.

కరెంటు విషయంలో ఒక ప్రమాదం తప్పింది. కరెంటు పోతే పని ఆగకూడదని మోటార్ల పవర్ సప్లయ్ ఇన్వర్టర్ మీద పెట్టి, ట్రిమ్మర్ కరెంటు ఎక్కువ లాగుతుందని దాన్ని మామూలు లైను మీదే ఉంచాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రిమ్మర్ ఆగిపోయింది, మిషన్ మాత్రం ఆగిన బిట్‌ని చెక్కలోకి ఈడ్చుకుంటూ పోయింది. 3 మిల్లీమీటర్ల బిట్ విరిగి గోడకి తగిలింది. నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆ రోజే రెండింటినీ ఒకే లైను మీదకి మార్చి, ఒక్క దెబ్బకి రెండూ ఆగేలా ఎర్రటి స్టాప్ బటన్ పెట్టాను. కళ్లద్దాలు లేకుండా షెడ్డులో ఎవరూ మిషన్ దగ్గరికి రాకూడదని నియమం పెట్టుకున్నాం. ఇప్పుడు కరెంటు పోతే అన్నీ ఆగిపోతాయి, లెక్క తప్పిపోతుంది. అందుకే బల్లకి ఒక మూల చిన్న బెజ్జం వేసి, పని మొదటి బిందువు అక్కడే పెడతాను. కరెంటు వచ్చాక బిట్‌ని మళ్లీ ఆ బెజ్జంలోకి దించి అక్కణ్ణుంచి సాగిస్తాను.

మే నెలలో ఇంకో సమస్య. రేకుల షెడ్డు వేడి, పైగా మోటార్ల వేడి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మోటారు బిగించిన భాగం కొద్దిగా వంగి, బెల్టు వదులై, ఒక పేరులో సగం అక్షరాలు పక్కకి జరిగిపోయాయి. మంచి టేకు పలక పాడైంది. డ్రైవర్లలో కరెంటు 0.8 ఆంపియర్ల నుంచి 0.6కి తగ్గించి, మోటార్ల మీదకి చిన్న ఫ్యాను పెట్టి, వంగిన రెండు భాగాల్నీ ఇంకాస్త వేడి తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌లో మళ్లీ ప్రింట్ చేయించాను. ఆ తర్వాత వేసవిలో ఇబ్బంది రాలేదు.

ఇంతా చేసింది తెలుగు అక్షరాల కోసం. అక్కడ మళ్లీ కొత్త పాఠాలు. బిట్ నడిచే దారి తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో "శ్రీ" అని నేరుగా టైప్ చేస్తే శ, ర, దీర్ఘం విడివిడిగా పడ్డాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, అక్షరాన్ని గీతలుగా మార్చి తీసుకెళ్తే ఆకారం సరిగ్గా వచ్చింది. అయినా చెక్కినప్పుడు ర-వత్తు శ-ని తాకే చోట రెండు గీతలు ఒకదాని మీదొకటి వెళ్లి చెక్క చీలిపోయింది. ఫాంట్లలో చాలాచోట్ల అక్షరం, ఒత్తు వేరు వేరు ఆకారాలుగా ఒకదానిపై ఒకటి ఉంటాయి. తెర మీద కనబడదు, బిట్‌కి మాత్రం తెలుస్తుంది. ఇంక్‌స్కేప్‌లోనే వాటిని యూనియన్ చేసి ఒకే ఆకారంగా కలపాలి.

అక్షరం మందం కూడా చూసుకోవాలి. మేం వాడేది మొన వీ ఆకారంలో ఉండే 60 డిగ్రీల వీ-బిట్. గీత ఎంత వెడల్పుంటే బిట్ అంత లోతుకి దిగుతుంది. 6 మిల్లీమీటర్ల గీతకి 5.2 మిల్లీమీటర్ల లోతు. మొదట నేను ఉచితంగా దొరికే రామభద్ర ఫాంటు వాడాను. నిండుగా, అందంగా ఉంటుంది, కానీ మేం పెట్టిన సైజులో గీత 14 మిల్లీమీటర్లు వచ్చింది. దానికి 12 మిల్లీమీటర్ల లోతు కావాలి, మా పలక మందమే 18. తర్వాత మండలి ఫాంటుతో చేశాం, బాగానే వచ్చింది. నాన్న చూసి బాగుందన్నాడు గానీ ముఖంలో సంతోషం లేదు. కాసేపయ్యాక, "దీర్ఘం చివర నరికినట్టు ఉందిరా. అది అలా జారుతూ పోవాలి" అన్నాడు.

ఆయన లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తెచ్చాడు. అందులో పాతికేళ్లుగా ఆయన పెన్సిలుతో గీసి చెక్క మీద అంటించుకున్న నమూనా కాగితాలు ఉన్నాయి. శ్రీనిలయం, లక్ష్మీనివాస్, ఎవరెవరి ఇంటిపేర్లో. కొన్ని చెదలు పట్టాయి. అవన్నీ ఫోన్‌తో నిటారుగా ఫొటోలు తీసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేశాను. గీతలు గజిబిజిగా వచ్చాయి. ఒక్కో అక్షరానికి పాయింట్లు తగ్గించి, వంపు నునుపు చేయడానికి గంట దాకా పట్టేది. నాన్న పక్కనే కూర్చుని "ఇక్కడ పొట్ట ఇంకొంచెం", "ఆ తలకట్టు లేపు" అంటూ చెప్పేవాడు. అలా ఇప్పటికి అచ్చులు, హల్లులు దాదాపు అన్నీ అయ్యాయి, ఒత్తులు సగం అయ్యాయి.

కొత్త ట్రిమ్మర్‌తో కలిపి మొత్తం 34,000 రూపాయల దాకా అయింది, నా ఆదివారాలు ఏడు నెలలు. ఇంకా బళ్లు చివరికి చేరాయని మిషన్‌కి చెప్పే లిమిట్ స్విచ్‌లు పెట్టాలి, పొడి లాగే గొట్టం కట్టాలి. నెలకోసారి బోల్టులన్నీ చూసి బిగించాలి, ప్లాస్టిక్ మీద అవి మెల్లగా వదులవుతుంటాయి.

మొన్న ఆదివారం వెనక్కి పంపిన పాత ఆర్డర్లలో ఒకదాన్ని పిలిపించి చేశాం. పెద్ద టేకు పలక, "శ్రీనిలయం". గంటా నలభై నిమిషాలు నడిచింది. మిషన్ ఆగాక నాన్న పలక వెలుతురులోకి తెచ్చి, ర-వత్తు తోక శ పక్కకి వచ్చే సందులో సన్నటి నారలు మిగిలాయని చూపించాడు. పెట్టెలోంచి పావు అంగుళం ఉలి తీసి, నూరి, నాలుగు పోట్లతో శుభ్రం చేశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత పాలిష్ డబ్బా మూత తీయమని నా చేతికిచ్చాడు.